పదకొండు గంటల కీరనీళ్లు

ఆవిరక్క కీరదోసకాయ తొడిమ కొన కోసి, ఆ ముక్కను నాలుక చివర పెట్టుకుంది. కళ్లు మూసి ఒక్క క్షణం ఆగింది. కాయను ఎడమ పక్క గిన్నెలోకి నెట్టింది. మంచిదన్నమాట. రెండోదీ అటే పోయింది. మూడో కాయ ముక్క నాలుకకు తగిలీ తగలగానే ముఖమంతా ముడతలు పడింది. ఆ కాయ కుడి పక్క పళ్లెంలోకి పోయింది.

"దొరికావులే," అంది దానితో.

మొత్తం పద్నాలుగు కాయలు. ఒక్కొక్కదాన్నీ ఇలాగే రుచి చూస్తుంది. చాలామంది కొన కోసి, ఆ ముక్కతోనే కాయను గుండ్రంగా రుద్ది, తెల్ల నురగ రాగానే చేదు దిగిపోయిందని సంబరపడతారు. ఆవిరక్కకు ఆ సంబరం మీద నమ్మకం లేదు. "నురగకేం తెలుసు? నాలుకనడగాలి," అంటుంది. ఒక్క చేదుకాయ కలిసినా డబ్బా మొత్తం చేదే. ఇరవై రెండు మంది మొదటి గుక్కకే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఇవాళ అలా చూసుకుంటే ఇక రేపు లేదు.

ఆవిరక్క అసలు పేరు లాండ్రీలో ఎవరికీ గుర్తు లేదు. ఆస్పత్రుల దుప్పట్లు, హోటళ్ల మేజాబట్టలు ఉతికే పెద్ద లాండ్రీ అది. అందులో ఇస్త్రీ గదిలో ముప్పై ఒక్క ఏళ్లు ఆవిరి మిషన్ దగ్గర నిలబడింది. మూత ఎత్తినప్పుడల్లా గుప్పున లేచే ఆవిరిలోంచి ముందు చేతులు, తర్వాత ముక్కు, ఆఖరికి మనిషి బయటపడేది. అలా వచ్చింది ఆ పేరు. పోయినేడాది మోకాలు మొరాయించింది. నిలబడే పని ఇక కుదరదన్నారు. చిరిగిన హోటల్ నాప్‌కిన్లకు ఇంటి దగ్గర రఫ్ఫు కుట్టే పని ఇచ్చి పంపించేశారు.

కానీ పదకొండు గంటల కీరనీళ్లు మాత్రం ఆమెవే. ఎప్పుడో ఒక ఎండాకాలం పక్క మిషన్ మనిషి దుప్పటి మడత పెడుతూ పెడుతూ దుప్పట్లోనే కూలిపోయింది. మర్నాడు ఆవిరక్క ఉప్పునీళ్లు తీసుకెళ్లింది. ఎవరూ ముట్టలేదు. ఆ తర్వాత కీరదోస మొదలుపెట్టింది. నేర్పినవాళ్లు లేరు. తొక్కతో రుబ్బింది, గడ్డి వాసన వేసింది. రాత్రే చేసిపెట్టింది, తెల్లారేసరికి పులిసింది. పుదీనా దంచి పోసింది, నల్లబడి పళ్లకు అంటుకుంది. పారబోసిన ప్రతి డబ్బా ఆమెకో పాఠం. ఇస్త్రీ గదిలో రోజూ ఆ డబ్బా ఖాళీ కావడం మొదలయ్యాక ఇక మార్చలేదు.

పని పోయాక కూడా ఆ డబ్బా పట్టుకునే రోజూ లాండ్రీ వెనక గేటు దాటుతోంది. ఆవిరి చప్పుడు వింటుంది, తన పాత మిషన్ మూత సరిగ్గా పడుతోందో లేదో చూస్తుంది, నలుగురితో నాలుగు మాటలు అని, నాలుగు పడి ఇంటికొస్తుంది. ఆ డబ్బా లేకపోతే గేటు దగ్గర కాపలావాడు "ఎందుకొచ్చావక్కా?" అనడిగితే చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ లేదు.

ఇప్పుడు ఆ డబ్బాకే గండం వచ్చింది. కొత్త మేనేజరుకు ఎవరో పొడి పొట్లాలు అంటగట్టారు. చల్లనీళ్లలో వేస్తే నారింజ రంగు తిరిగే పొడి. మేనేజరు చెడ్డవాడేం కాదు. కొలిస్తే తప్ప దేన్నీ నమ్మడు, అంతే. నిన్న రెండు డబ్బాల నారింజ నీళ్లు పెట్టించి, అందరూ తాగాక డబ్బాలో వేళ్లు పెట్టి కొలిచాడు. నాలుగు వేళ్ల లోతు మిగిలింది. "రేపు మీది పెడదాం అమ్మా. పదకొండుకల్లా రావాలి. ఇంతకంటే ఎక్కువ మిగిలితే సోమవారం నుంచి పొడే," అన్నాడు.

అందుకే ఇవాళ కాయల దగ్గర ఆమె నాలుక అంత జాగ్రత్తగా పనిచేస్తోంది. పద్నాలుగింటిలో మూడు చేదు తేలాయి. మిగతా పదకొండులో ఏడింటికి తొక్క తీసి, నిలువునా చీల్చి, చెంచాతో గింజల గుజ్జు చిన్న గిన్నెలోకి గీకింది. ఎనిమిదో కాయ చేతిలోకి తీసుకుందో లేదో, వాకిట్లో చెప్పుల చప్పుడు, దాని వెనకే గొంతు వినపడ్డాయి.

"వదినా! ఇవాళ మీకు చరిత్రలో మొదటి రోజు!"

చెల్లెలి మొగుడు. వీధిలో అందరూ ప్రొఫెసర్ అంటారు. ఏ కాలేజీ మెట్లూ ఎక్కలేదు. నీటి ఫిల్టర్లు అమ్మాడు కొన్నాళ్లు, తర్వాత పరుపులు, ఆ తర్వాత ఏదీ అమ్మడం మానేసి సలహాలు ఇవ్వడం మొదలుపెట్టాడు. ఫోను ముందు కూర్చుని ఆరోగ్యం గురించి మాట్లాడతాడు. నూట నలభై మంది చూస్తారట. అందులో పాతికమంది తమ పుట్టింటి తరఫు చుట్టాలేనని చెల్లెలు చెబుతుంది. "మన వాళ్లు చూడరు అక్కా, శబ్దం కట్టేసి ఫోను బోర్లా పెడతారు," అని కూడా చెబుతుంది.

అతని చేతిలో పొడుగాటి మిక్సీ ఉంది. వెనక చెల్లెలు చేతులూపుకుంటూ వచ్చింది.

"చరిత్ర సంగతి తర్వాత. ముందు ఆ చెప్పులు బయట విడువు," అంది ఆవిరక్క.

"మీ పద్ధతిలో లోపం ఉంది వదినా," అన్నాడతను చెప్పులు విడుస్తూ. "ఏమనుకోకండి. మీరు తొక్క తీస్తారు, గింజ తీస్తారు. పోషకాలన్నీ చెత్తలోకి పోతాయి. కాయని కాయగా తీసుకోవాలి. సంపూర్ణంగా."

"అరటిపండూ అలాగే తింటావా?"

చెల్లెలు కిసుక్కుమంది. ప్రొఫెసర్‌కు ఇలాంటివి చెవికెక్కవు. మిక్సీని బల్ల మీద పెట్టి, తీగ విప్పి, ఎవరూ అడక్కపోయినా దాని మోటారు శక్తి చెప్పాడు. మేనేజరు ముందు మాట్లాడాల్సింది తానేనని, పొడి కంపెనీ వాళ్లకు మాటలు వచ్చు గనక మనకూ మాటలు వచ్చినవాడు ఉండాలని చెప్పాడు. మొదట కీరదోస గురించి ఐదు నిమిషాలు, తర్వాత దాహం గురించి పది నిమిషాలు మాట్లాడతాడట.

"అక్కడ విశ్రాంతి ఇచ్చేదే పది నిమిషాలు. తాగేదెప్పుడు?" అంది ఆవిరక్క. తర్వాత గడియారం చూసింది. ఎనిమిదిన్నర. "మాటలొచ్చినవాడివి గదా, వీధి చివర కొట్టుకెళ్లి ఐసు గడ్డ పట్టుకురా. నా మోకాలితో గంట పడుతుంది."

"ఐసు వద్దు వదినా. శరీరానికి చల్లదనం మంచిది కాదు. గది ఉష్ణోగ్రతలో తాగాలి."

"ఏ గది? ఇస్త్రీ గదా?"

అతను కదిలేలా లేడని ఆమె సంచి తీసుకుంది. చెల్లెలు తానూ వస్తానంది, గడ్డ మొయ్యడానికి. గుమ్మం దగ్గర ఆవిరక్క వెనక్కి తిరిగి వేలు చూపించింది.

"ఏదీ ముట్టుకోకు. ఆ పళ్లెంలోవి చేదు. ఈ గిన్నెలోవి మంచివి. చిన్న గిన్నెలో గింజలు నాకు కావాలి. నేను వచ్చేదాకా కుర్చీలో కూర్చుని నీ ఉపన్యాసం చదువుకో."

"మీరు నిశ్చింతగా వెళ్లిరండి," అన్నాడు ప్రొఫెసర్.

ఆ మాట అతని నోట విన్నవాళ్లెవరూ నిశ్చింతగా వెళ్లింది లేదు. అయినా ఐసు కావాలి గనక వెళ్లారు.

తిరిగొచ్చేసరికి తొమ్మిదీ నలభై. ఇల్లంతా కాలిన రబ్బరు వాసన. మిక్సీ పక్కకు ఒరిగి, వెనక చిల్లుల్లోంచి సన్నగా పొగ వదులుతోంది. బల్ల మీద ఆవిరక్క పెద్ద డబ్బా ఉంది, నిండుగా. దాని ముందు ప్రొఫెసర్ ఫోను పట్టుకుని ఫొటోలు తీస్తున్నాడు.

"చూడండి వదినా ఆ రంగు! ఇన్నేళ్లలో మీకు ఎప్పుడైనా వచ్చిందా ఈ రంగు?"

రాలేదు. నిజమే. పచ్చదనం అడుగున ఏదో నీలిఛాయ. ఎక్కడో సముద్రం అడుగున ఉండాల్సిన రంగు అది. పైన తెల్లగా, ఒత్తుగా నురగ. ఆవిరక్క గరిటె ముంచి ఎత్తింది. నీళ్లలా జారలేదు. సాగింది.

"చిక్కగా వచ్చింది," అన్నాడతను గర్వంగా. "అసలైన సారం అంటే అదీ. మీ నీళ్లు పలచగా ఉండేవి."

"చేదువి కూడా వేశావా?"

"వృథా ఎందుకని వేశాను. చేదులో ఔషధ గుణం ఉంటుంది."

"తాగి చూశావా?"

ప్రొఫెసర్‌కు ఆ ప్రశ్న వింతగా తోచింది. "నేను తయారు చేసేవాణ్ణి వదినా. రుచి చూడ్డం తాగేవాళ్ల పని."

ఆవిరక్క అప్పటికే గరిటెను ముక్కు దగ్గర పెట్టుకుంది. కీరదోస వాసన ఉంది, పుదీనా వాసన ఉంది, ఆ రెంటి వెనక ముప్పై ఒక్క ఏళ్లుగా తెలిసిన వాసన ఇంకొకటి ఉంది. అది వంటింటిది కాదు. ఆమె చూపు మూలనున్న స్టూలు మీదికి పోయింది. రఫ్ఫు కుట్టి, ఇవాళ అప్పగించడానికి మడతపెట్టి ఉంచిన హోటల్ నాప్‌కిన్ల దొంతర మీది మడత చెదిరి ఉంది.

"దేంతో వడకట్టావు?"

"అక్కడే చేశాను అసలు మార్పు," అన్నాడతను ఉత్సాహంగా. "మీరు వడపోతకని సీసాలో దాచిన ఆ పాత దుప్పటి పేలిక చూస్తేనే నాకు ఒళ్లు జలదరించింది. ఇంట్లోకెల్లా శుభ్రమైన, తెల్లని గుడ్డ వెతికి తీశాను."

తొట్టిలో పడి ఉంది ఆ గుడ్డ. ఆవిరక్క దాన్ని బొటనవేలితో రాసింది. అట్టలా నిలబడాల్సిన నాప్‌కిన్ వానపాములా మెత్తబడి, వేళ్ల మధ్య జారుతోంది.

"ఇది తెల్లగా ఎందుకుందో తెలుసా?" అంది చాలా నెమ్మదిగా. ఆమె గొంతు అంత నెమ్మదిస్తే చెల్లెలు రెండడుగులు వెనక్కి వేస్తుంది, ఇప్పుడూ వేసింది. "నీలిమందు పెట్టారు గనక. బిరుసుగా ఎందుకుందో తెలుసా? గంజి పెట్టారు గనక. నీ సారం గంజి. నీ రంగు నీలిమందు. ఇరవై రెండు మందికి బట్టలుతికిన నీళ్లు పోయబోయావు."

ప్రొఫెసర్ ఫోను కిందికి దిగింది. "ఫొటో పెట్టేశాను," అన్నాడు.

"ఎంతమంది మెచ్చుకున్నారు?"

"పదకొండు మంది."

"వాళ్లకు పోసి పంపించు," అంది చెల్లెలు. మొగుడితో మామూలుగా 'అండీ' అనే మనిషి, ఆ పూటకు ఆ గౌరవం తీసేసింది.

ఆవిరక్క డబ్బా ఎత్తి మొత్తం కాలువలోకి ఒంపింది. నురగ మాత్రం చాలాసేపు వెళ్లలేదు. తర్వాత లెక్క చూసుకుంది. మోటారు కాలిపోవడం వల్ల నాలుగు కాయలు బతికి బయటపడ్డాయి. గూట్లో నిమ్మకాయలు ఉన్నాయి. పుదీనా కుండీలో ఇంకా ఉంది. చిన్న గిన్నెలో ఏడు కాయల గింజల గుజ్జు చెక్కుచెదరకుండా ఉంది. చెత్త అనుకుని ప్రొఫెసర్ దాని జోలికి పోలేదు. సంపూర్ణంగా తీసుకోవాలన్న మనిషే దాన్ని అక్కడ వదిలేశాడు.

రోజూ ఆ గుజ్జును మధ్యాహ్నం ఆమె ఒక్కతే, ఉప్పు వేసుకుని తాగేది. కాయలో సగం నీరు, సగం వాసన అక్కడే ఉంటాయని ఆమెకు తెలుసు. వడకట్టడం పెద్ద పని గనక ఇరవై రెండు మందికి ఎప్పుడూ చెయ్యలేదు. ఇవాళ చెయ్యాలి.

"నువ్వు నిమ్మకాయలు పిండు. గింజ పడకూడదు," అంది చెల్లెలితో. "ఏమయ్యా ప్రొఫెసరూ, ఆ నాప్‌కిన్‌ను చల్లనీళ్లలో ఉతుకు. పచ్చ మరక పోవాలి. వేణ్నీళ్లు తగిలాయో, మరక అలాగే ఉండిపోతుంది, నువ్వూ తొట్టి దగ్గరే ఉండిపోతావు."

"అది సున్నితమైన బట్ట వదినా, దానికి ముందు..."

"చేతులతో చెప్పు."

తర్వాత ముప్పావుగంట ఆ వంటింట్లో పనికొచ్చే మాటలు తప్ప వినపడలేదు. ఆవిరక్క నాలుగు కాయల తొక్క తీసి, సన్న తురుముపీట మీద తురిమింది. చిటికెడు కాదు, గుప్పెడు ఉప్పు చల్లి కలిపి పక్కన పెట్టింది. ఉప్పు పడితే కీరదోస తనంతట తానే నీరు వదులుతుంది, మోటారు అక్కర్లేదు. అది నీరు వదిలేలోగా గింజల గుజ్జును జల్లెడలో వేసి, కాసిన్ని నీళ్లు చిలకరిస్తూ వేళ్లతో రుద్దింది. గింజ నలగకూడదు, నలిగితే వగరు దిగుతుంది. దాని చుట్టూ ఉన్న జిగురు మాత్రమే కిందికి దిగాలి. వేళ్లు గుండ్రంగా, తేలిగ్గా తిరిగాయి. నాప్‌కిన్ మీద మరక తీసేటప్పుడు తిరిగినట్టే.

పాత దుప్పటి పేలికను సీసాలోంచి తీసి, మళ్లీ ఒకసారి మరిగే నీళ్లలో ముంచి పిండింది. ఎన్ని వందల ఉతుకులు తిన్నదో ఆ గుడ్డ. గంజి, నీలి, సబ్బు, అన్నీ ఎప్పుడో దాన్ని వదిలిపోయాయి. ఇక వదలడానికి ఏమీ మిగలని గుడ్డే వడపోతకు పనికొస్తుంది. తురుమును అందులో మూటగట్టి మెలితిప్పితే లేత పచ్చని నీరు ధారగా దిగింది. గింజల నీరు, నిమ్మరసం, కరిగించిన పంచదార కలిపింది. పుదీనాను దంచలేదు, అరచేతుల మధ్య ఒక్కసారి చప్పట్లా కొట్టి కాడలతోనే వేసింది. చల్లనీళ్లు పోసి, ఐసు గడ్డ సుత్తితో పగలగొట్టి వేసింది.

నాలుక చివర పెట్టుకుంది. కళ్లు మూసింది. ఇంకో నిమ్మచెక్క పిండింది. మళ్లీ చూసింది.

"ఊఁ," అంది.

నిన్నటి పొడినీళ్లతో సమానంగా ఇవాళ రెండు డబ్బాలు కావాలి. ఒకటిన్నర వచ్చింది. ఇంకో సగం నీళ్లు పోస్తే రెండూ నిండేవే. చెల్లెలు బిందె వైపు చూసింది కూడా. ఆవిరక్క మూత బిగించింది.

డబ్బాలు మొయ్యడం ప్రొఫెసర్ వంతు అయింది. తడి నాప్‌కిన్ ఆరడానికి భుజం మీద వేసుకున్నాడు. మిగతా నాప్‌కిన్ల దొంతర ఆవిరక్క చంకలో ఉంది. దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. రొప్పుతున్నాడు గనక. గేటు దగ్గర కాపలావాడు, "ఇవాళ గాడిదను కూడా తెచ్చుకున్నావా అక్కా?" అన్నాడు.

"అరువు తెచ్చా. సాయంత్రం తిరిగిచ్చెయ్యాలి."

పదకొండుకు రెండు నిమిషాలుంది. ఇస్త్రీ గదిలో మిషన్లు ఒక్కొక్కటే బుస్సుమని ఆగుతున్నాయి. మేనేజరు చొక్కా చేతులు మడిచి తయారుగా ఉన్నాడు. ఆడవాళ్లు గ్లాసులు పట్టుకుని వరసలోకి వచ్చారు. ఎప్పటిలాగే మొదటి మిషన్ మనిషి ముందు నిలబడింది. బాయిలరు గోడకు ఆనుకుని ఉండే మిషన్ అది, గదిలోకెల్లా వేడి చోటు. అక్కడ నిలబడినవాళ్లకే మొదటి గ్లాసు. ఒకప్పుడు అక్కడ ఆవిరక్క నిలబడేది.

ప్రొఫెసర్ ఊపిరి తిరిగి దొరికింది. గొంతు సవరించుకున్నాడు. "కీరదోస అనేది మానవ చరిత్రలో..."

మూడో మిషన్ మూత వదిలింది ఎవరో. బుస్స్‌మని ఆవిరి లేచి అతన్ని నడుము దాకా మింగేసింది. పెదవులు కదలడం కనపడింది, అంతే.

"ఒకటిన్నర డబ్బానే వచ్చింది," అంది ఆవిరక్క మేనేజరుతో. "ముప్పావు గ్లాసు చొప్పున పోస్తా. తక్కువైంది నా వల్లే. ఇంట్లో కాయలకు కాపలా పెట్టకుండా ఐసుకెళ్లా."

మొదటి మిషన్ మనిషి ఒక గుక్క తాగి ఆగింది. నోట్లో తిప్పింది. వరసంతా ఆమె ముఖం వైపే చూస్తోంది. మేనేజరు కూడా.

"ఇవాళ గింజ కలిపావు గదక్కా?"

"కలిపా. ఎలా ఉంది?"

"ఇన్నాళ్లూ దాచుకుని నువ్వొక్కదానివే తాగావన్నమాట. దొంగమొహమా!" అని గ్లాసు ఎత్తి గటగటా దించేసి, వెళ్లి వరస చివర మళ్లీ నిలబడింది.

ఇక గరిటెకు తీరిక లేదు. ఒక డబ్బా అయిపోయింది. రెండోది వంచాల్సి వచ్చింది. ఇరవై రెండో గ్లాసు నిండేసరికి అడుగున పుదీనా కాడలు, రెండు ఐసు ముక్కలు తప్ప ఏమీ లేవు. మొదటి మిషన్ మనిషి ఆ ఐసు ముక్కలు కూడా తన గ్లాసులో వేయించుకుంది. మేనేజరు వంగి, డబ్బాలో నాలుగు వేళ్లు పెట్టాడు. వేళ్లు అడుగుకు తగిలి టకటకమన్నాయి. వేళ్లు బయటికి తీసి చూసుకున్నాడు. చెమ్మ తప్ప ఏమీ లేదు. ఎవరూ చూడటం లేదనుకుని ఆ చెమ్మను నాలుకకు రాసుకున్నాడు. గది మొత్తం చూసింది.

"రేపు నాకొక గ్లాసు తీసి పక్కన పెట్టండమ్మా," అన్నాడు.

"పక్కన పెట్టడాలు లేవు బాబూ. వరసలో నిలబడు, దొరుకుతుంది."

మిషన్లు మళ్లీ బుస్సుమన్నాయి. ఆవిరక్క ప్రొఫెసర్ భుజం మీది నాప్‌కిన్ లాగి, వెలుగులో పెట్టి చూసింది. మూల మీద పచ్చ చార ఇంకా ఉంది. మళ్లీ ఉతకమని దాన్ని అతని చేతిలోనే పెట్టింది. రఫ్ఫు కుట్టిన మిగతా నాప్‌కిన్ల దొంతర కౌంటరు మీద అప్పగించి, ఖాళీ డబ్బాలు రెండూ కడగడానికి మొదటి మిషన్ మనిషికి అందించింది.